ఆకుపచ్చ దారం పరుపు

ప్రొద్దుటూరు
21-9-1957

చెల్లెలు మహమూదాకు అన్న ఖాజా దువా.

పోస్టాఫీసులో తంతి ఇచ్చినాను. అది నీకు అందలేదో, అందినా నువ్వు కదలలేదో తెలియక మళ్ళీ రాస్తున్నాను. మన సైదత్త మంగళవారం పొద్దున జమ్మలమడుగులో పోయింది. ఆ సాయంత్రమే అసర్ నమాజు అయినాక మట్టి చేసినాము.

జబ్బు లేదు, మంచం పట్టింది లేదు. తెల్లారి లేచి చద్ది తాగి, ఎప్పటిలాగే దూలానికున్న విల్లు దించుకుని, నారి మోగిస్తూ పత్తి ఏకి దూది చెయ్యడానికి కూర్చుంది. పక్కింటి దిల్షాద్‌బీకి అత్త విల్లు మోతే గడియారం కదా. ఆమె చెప్పింది: "టంయ్ టంయ్ అని మోగుతాండేది ఉన్నట్టుండి ఆగిపాయప్పా. ఆకు ఏసుకునేకి లేసిందేమోలే అనుకుంటి. శానాసేపు మళ్ళా మోగలే. పోయి చూస్తే గోడకు ఆనుకోనుండాది. నెత్తి నిండా దూది."

ఎనభై దాటిన మనిషి. ఇట్లాంటి చావు అందరికీ రాదని ఊరంతా అన్నారు. నాకు మాత్రం ఏమీ ఎక్కలేదు. గుడ్డ తెమ్మంటే తెచ్చినాను, అత్తరు తెమ్మంటే తెచ్చినాను, పట్టమన్న చోట పట్టినాను.

నీకోసం బస్టాండు దగ్గర మనిషిని పెట్టినాను. జనాజా ఎత్తేదాకా చూసినాము. నలుగురూ "మహమూదా ఏది?" అని అడుగుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది. అమ్మానాయనా పోయినాక మనిద్దరినీ పెంచిన మేనత్త. పెండ్లిలో పరుపు ఇయ్యలేదని ఇన్నేండ్లు మోసిన కోపం, మట్టేసే రోజైనా దించుకోకూడదా?

పిల్లలకు దువా.

ఖాజా

❖

పులివెందుల
29-9-1957

అన్నకు సలాములు.

తంతి మంగళవారం మధ్యాహ్నమే వచ్చింది. చేతికి అంటిన పిండి కూడా కడుక్కోకుండా నేనూ ఆయనా బస్సెక్కినాము. ముద్దనూరులో దించేసినారు. పెన్నకు నీళ్ళొచ్చినాయి, బండ్లు కూడా దిగడం లేదన్నారు. పొద్దుగూకేదాకా ఒక టీ అంగడి బెంచీ మీద కూర్చున్నాము. ఏటికి అవతల మీరు మట్టేసి ఇండ్లకు పోయుంటారని నాకు తెలుసు. అయినా కూర్చున్నాము. మర్నాడు కూడా నీళ్ళు తీయలేదు. వెనక్కి వచ్చేసినాము. ఇదంతా తెలియకుండా కోపమని రాసినావు. రాస్తే రాసినావులే.

ఏడుపు రాలేదన్నా. ఇంతవరకూ రాలేదు. రోజూ వండుతున్నాను, గిన్నెలు తోముతున్నాను. నిన్న కూరలో ఉప్పు మరిచిపోయినాను, ఇంట్లో అందరూ అట్లే తినేసినారు. వాళ్ళు నన్ను చూసి భయపడుతున్నట్టున్నారు.

ఇక పరుపు సంగతి. కోపం లేదని అబద్ధం చెప్పను. జమ్మలమడుగులో పెండ్లయిన ప్రతి పిల్లకూ, మన మతమైనా కాకపోయినా, అత్త చేతి పరుపే. నేను మాత్రం చాప చుట్టుకుని అత్తగారింటికి వచ్చినాను. మా తోడికోడళ్ళు మూతి తిప్పుతూ, "ఏంది, దూదేకులోళ్ళ పిల్లకు పరుపు లేదా?" అన్నారు. ఆ మాట ఈరోజుకూ చెవిలో ఉంది. అత్తను అడిగితే ఒకటే జవాబు. "ఇస్తాలేమ్మే. టయం రావాల." ఏ టయమో చెప్పదు. విల్లు నేర్చుకోమంటే నేర్చుకోకుండా పెండ్లి చేసుకున్నానని ఆమెకు నామీద మనసు విరిగిందని నేను అనుకున్నాను. ఇప్పుడూ అదే అనుకుంటున్నాను.

శ్రావణంలో మేము ఉమ్మడిల్లు విడిచి సొంతింట్లోకి దిగినాము. ఆయన బేల్దారి పని చేసి ఊరందరికీ ఇండ్లు కట్టినాడు, ఇన్నేండ్లకు మాకొకటి కట్టినాడు. పైన బండలు పరిచిన రోజే అత్తకు కార్డు రాసినాను. ఆమెకు చదువు రాదు, ఎవరితోనైనా చదివించుకునే ఉంటుంది. జవాబు లేదు. చూడడానికి రాలేదు. ఇప్పుడింక రాదు.

చిన్నప్పుడు ఆమె సూదిలో దారం ఎక్కించేది నేనే కదా. ఏ ఇంటి పరుపుకు ఆ ఇంటి రంగు. మూల మడత లోపల చిన్న కుచ్చు కుట్టేది. శేషయ్య గారింటికి ఎరుపు, తాసిల్దారు వాళ్ళకు నలుపు, మనకు ఆకుపచ్చ. ఆ రంగుది అమ్మ పరుపు ఒక్కటే ఉండేది, అమ్మ పోయినాక అది ఏమైందో తెలియదు. నాలుగేండ్లకో అయిదేండ్లకో పరుపులు మళ్ళీ ఏకడానికి వస్తే, దారం చూసి ఆ పత్తిని ఆ ఇంటికే పంపేది. "ఎవురి పత్తి వాళ్ళకే పోవాలమ్మే. ఒకరి నిద్ర ఇంకొకరికి అంటగట్టకూడదు. గాలికెగిరింది మాత్రం ఏకినోళ్ళది" అనేది. ఆ ఎగిరిన దూదంతా కుండలో దాచి, పురిటి బిడ్డలకు తలగడలు కుట్టి ఊరికే ఇచ్చేది. మా పెద్దోడికీ ఒకటి ఇచ్చింది. అది ఎలుకలు కొరికేసినాయి.

ఆమె చేతిది ఏదైనా ఒకటి ఉంటే నాకోసం తీసిపెట్టు. ఏదైనా సరే.

మహమూదా

❖

ప్రొద్దుటూరు
12-10-1957

చెల్లెలా,

దువా. ఏటికి ఈ గట్టున ఉన్నవాళ్ళకు నీళ్ళ సంగతి గుర్తుండదు. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోవడానికి నేను ఏరు దాటే పని లేదు కదా, నీకుందని తోచలేదు. కోపమని రాసిన మాట కొట్టేసుకో.

నీ జాబు వచ్చేసరికి అన్నీ అయిపోయినాయి. మూడోనాడే ఇల్లు సర్దేసినాను. చీరలు, బిందె, ఇంట్లో పడి ఉన్న పత్తి, కొంత గోతాంలో, కొంత ఏకి నేల మీద, అంతా అత్తకు చివరి స్నానం చేయించిన ఆడవాళ్ళకు ఇచ్చినాను. మనలో అదే ఆనవాయితీ కదా. మేకను దిల్షాద్‌బీకి ఇచ్చినాను. ఆ మేక ఆమె మాట తప్ప ఎవరి మాటా వినదు. పాపం ఆమె కూడా ఆ మర్నాడే కూతురి కానుపుకని తాడిపత్రి పోయింది, మేకను తోలుకునే పోయింది.

ఒక్క పని మాత్రం బాగా చేసినాను. అత్త ఎవరికీ పని ఎగ్గొట్టిన మనిషి కాదు కదా. ఇంట్లో కొత్త పరుపు ఒకటి, కుట్టడం అయిపోయి, చుట్టి గోడకు నిలబెట్టి ఉంది. బట్టల అంగడి శేషయ్య గారి కూతురు అన్నపూర్ణ పెండ్లి కార్తీకంలో. పరుపు అత్తకే చెప్పినామని ఆయన మట్టి రోజే నాతో అన్నాడు. బండి మాట్లాడి నేనే తీసుకుపోయి వాళ్ళింట్లో దించి వచ్చినాను. ఆయన భార్య జయలక్ష్మమ్మ దాని మీద చెయ్యేసి నిమిరి, "ఇంత మెత్తంది ఆమె ఎప్పుడూ చెయ్యలేదు నాయనా" అని కండ్లు తుడుచుకుంది. నాకు మజ్జిగ ఇచ్చింది. అత్త చివరి పని నా చేతి మీద పోయిందని కాస్త నెమ్మదిగా అనిపించింది.

విల్లు మాత్రం దూలానికి వేలాడుతూనే ఉంది. దాన్ని ఎవరికియ్యాలో తెలియలేదు. నేను పనిచేసే పత్తి మిల్లులో ఇప్పుడన్నీ మిషన్లే. ఎవరి పత్తి ఎవరిదో పైవాడికే తెలియాలి, అన్నీ ఒకే కుప్ప.

నువ్వు పరుపు మాట ఎత్తినావు కాబట్టి రాస్తున్నాను, ఇది నాయన నాకు చెప్పింది. అత్తకు మైదుకూరు సంబంధం చేసినప్పుడు తాత మంచి పత్తి ఏరి పరుపు చేసి పంపినాడంట. అక్కడి అత్తగారు దాన్ని తన కూతురికి వేసి, కోడలికి చాప పరిచింది. ఏడాది తిరక్కుండానే అత్త ఒంటరిగా నడుచుకుంటూ జమ్మలమడుగు వచ్చేసింది. తాత పోయి పరుపైనా ఇయ్యమంటే, "మా ఇంట్లోకి వచ్చింది మాది" అన్నారంట. ఆ తర్వాతే అత్త విల్లు పట్టింది. మన పెద్దలంతా కూర్చుని ఆడది విల్లు పట్టేదేందని నిలదీస్తే, "విల్లుకేమన్నా మీసాలుండాయా?" అనిందంట. మళ్ళీ పెండ్లి మాట ఎత్తనియ్యలేదు, మళ్ళీ పరుపు మీద పడుకోలేదు. అంత చేదు అనుభవం ఉన్న మనిషి నీకు పరుపు ఇయ్యలేదంటే, పరుపంటేనే ఆమెకు గిట్టదేమో. నీ మీద మనసు విరిగి కాదని నాకు అనిపిస్తుంది.

పెండ్లికొడుకుది మీ పులివెందులే. కొత్త పెండ్లికూతురు ఆ ఊరు వచ్చినప్పుడు నువ్వు సారె చూస్తావులే.

ఖాజా

❖

పులివెందుల
30-11-1957

అన్నకు,

సారె చూసినాను.

మొన్న మా వీధి మీదుగానే పోయింది. ముందర మేళం, వెనక బండ్లు. ఇత్తడి గంగాళాలు, బీరువా, మంచం. మంచం మీద పరుపు. పరుపు మీద ఎర్రటి దుప్పటి కప్పినారు గానీ అంచు కనబడుతూనే ఉంది. దగ్గరదగ్గరగా లాగి కట్టిన ఆ కుట్టు ఇంకెవరిదీ కాదు. పక్కింటి ఆమె, "మీ అత్త చేసిందంట కదమ్మా, ఎంత బాగుండాదో!" అంది. అవునన్నాను. బండి మలుపు తిరిగేదాకా నిలబడినాను. తర్వాత లోపలికి వచ్చి రాగులు విసురుకున్నాను. ఏమీ అనిపించలేదు. పరాయివాళ్ళ సామాను పరాయివాళ్ళింటికి పోతున్నట్టే ఉంది.

నలభై దినాల ఫాతిహాకు వచ్చినప్పుడు నీతో ఒక మాట అనాలనుకుని అనలేకపోయినాను. ఇల్లు సర్దేముందు నన్నొక్క మాట అడగకూడదా? మేక పోయింది, బిందె పోయింది, ఆమె నమిలే ఆకుల సంచి కూడా పోయింది. నువ్వు మంచివాడివే. ఎవరు చెయ్యి చాపితే వాళ్ళకు పెడతావు. నేను చెయ్యి చాపేలోగానే అంతా ఖాళీ.

ఇవాళ ఎందుకో గండి క్షేత్రం గుర్తొచ్చింది. శ్రావణ శనివారాలు ఆంజనేయస్వామి దగ్గర ఆమె తలగడలు అమ్ముకునేది, నేను పక్కన కూర్చునేదాన్ని. ఒక పంతులు, "సాయిబుల తల్లీ, దేవుడి దగ్గర నీకేం పని?" అని ఎగతాళి చేసినాడు. "కొండ మోసినాయన సామీ, ఆయనకు మాత్రం తల వాల్చేకి ఒకటి వద్దా?" అనింది. ఆయన నవ్వుతూనే రెండు కొన్నాడు. కర్నూలు రాజధాని అయినప్పుడు, అది హైదరాబాదుకు పోయినప్పుడు, "యాడుంటే నాకేంది, దుమ్ము ఈడనే గదా" అనింది. ఇవన్నీ గుర్తొస్తే నవ్వు రావాలి. అదీ రావడం లేదు.

మహమూదా

❖

ప్రొద్దుటూరు
5-1-1958

మహమూదా,

దువా రాయడానికి కూడా మొహం చెల్లడం లేదు.

దిల్షాద్‌బీ తాడిపత్రి నుంచి వచ్చిందని తెలిసి, మేక ఎట్లుందో చూసి వద్దామని ఆదివారం జమ్మలమడుగు పోయినాను. నన్ను చూడగానే ఆమె అడిగిన మొదటి మాట:

"ఏమప్పా, మహమూదాకు పరుపు పంపిస్తివా?"

ఏ పరుపు అన్నాను.

"ఏ పరుపేంది! గోడకు నిలబెట్టిందే. దాని ఆకుపచ్చ దారం నేనే సూదిలో ఎక్కించిస్తి. ఆయమ్మకు కండ్లు యాడ ఆనుతాండాయి? ఆ పిల్ల కార్డు రాసింది గదా సొంతింట్లో దిగినామని. దాన్ని నాలుగుసార్లు చదివించుకుండె. 'ఇంక దాని పరుపు దానికి పంపాలమ్మే, టయం వచ్చింది' అని శ్రావణంలోనే మొదలుపెట్టె. వాళ్ళమ్మ పరుపు పత్తి అది. ఇన్నేండ్లూ మూట కట్టి పెట్టి, ఎండలకు ఒకసారి తీసి ఏకి, మళ్ళా కడతాండె."

మరి పెండ్లిలోనే ఎందుకియ్యలేదని అడిగినాను. దిల్షాద్‌బీకి అదీ తెలుసు.

"'అత్తగారింట్లోకి పోతే నా పరుపుకు పట్టిన గతే దానికీ పడతాది. దాని గడప అనేది ఒకటి రావాల, అప్పుడిస్తా' అంటాండె. ఆ మాట పిల్లతో చెప్పొచ్చు గదాంటే, 'చెప్తే మొగుని మీద పడి ఇల్లు కట్టమని పోరు పెడతాది. దాని సంసారంలో నేనేల వేలు పెట్టాల' అనె."

అర్థమైందా మహమూదా? నేను శేషయ్య గారింట్లో దించి వచ్చింది నీ పరుపు. స్నానం చేయించిన ఆడవాళ్ళకు ఇచ్చేసిన గోతాం పత్తి శేషయ్య గారిది. ఆ పొద్దున అత్త ఏకడం మొదలుపెట్టింది దాన్నే. దూదేకుల ఇంట్లో పుట్టి, ఆ విల్లు మోత వింటా పెరిగి, మూల మడత తిప్పి దారం ఏ రంగో చూడలేదు. మిల్లులో ఇన్నేండ్లుగా ఎవరి పత్తినీ చూడడం మానేసిన కండ్లు కదా ఇవి.

నువ్వు ఊ అంటే రేపే శేషయ్య గారి దగ్గరికి పోతాను. కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను. ఆయన మంచివాడు, పులివెందులకు మనిషిని పంపుతాడు. నీ జాబు కోసం చూస్తుంటాను.

ఖాజా

❖

పులివెందుల
20-1-1958

అన్నా,

పోవద్దు. అడగొద్దు. కొత్త దంపతులు పడుకున్న పరుపు కింద నుంచి లాక్కుంటే ఆ పిల్లకు ఆ ఇంట్లో ఏం మర్యాద మిగులుతుంది? ఆమె తప్పేముంది ఇందులో.

నా కండ్ల ముందే పోయింది. మా వీధిలోనే. నేను అవునన్నాను.

విల్లు పంపు.

మహమూదా

❖

ప్రొద్దుటూరు
16-2-1958

చెల్లెలు మహమూదాకు దువా.

విల్లు పంపినాను. నారి పాతబడిపోతే కొత్తది కట్టించినాను. నారిని కొట్టే కొయ్య అత్త అరచెయ్యి పట్టి నున్నగా అరిగిపోయింది, దాన్ని మాత్రం మార్చలేదు. బస్సు పైన కట్టిస్తుంటే కండక్టరు ఇంత పొడుగు విల్లును ఎగాదిగా చూసి, "ఇదేం దేవునిదప్పా?" అన్నాడు. మా అత్తదని చెప్పినాను. వాడు దండం పెట్టుకున్నాడు. నేను కాదనలేదు.

నువ్వు నాలుగు మాటలు తిట్టి ఉంటే నాకు బాగుండేది. మూడు ముక్కలు రాసి ఊరుకున్నావు. ఆ విల్లు అడిగింది నీ కండ్లెదుట వేలాడదీసుకుని, నేను వచ్చినప్పుడల్లా నాకు చూపించడానికా? అట్లయితే అది కూడా సరే. నాకు తగిందే.

ఇంట్లో అందరూ బాగున్నారు. మీ వదిన నీకోసం చెనిగల పొడి పంపింది, విల్లు కొసకు కట్టిన మూటలో ఉంది చూడు.

ఖాజా

❖

పులివెందుల
24-8-1958

అన్నకు సలాములు.

జాబు రాయక నెలలు గడిచినాయి. చెయ్యి వాచి కలం పట్టుకునేకి రాలేదు, అబద్ధం కాదు. విల్లు నేర్చుకుంటున్నాను.

నీకు చూపించడానికి అడగలేదు దాన్ని. ఎందుకు అడిగినానో అప్పుడు నాకే తెలియదు. వచ్చినాక కొన్నాళ్ళు మూలన ఉంది. ఒకరోజు మా ఇంటి తలగడ చిరిగితే ఆ దూది ముందర పోసుకుని కూర్చున్నాను. మొదట నారి మోగనే లేదు, దూదిలో చిక్కుకుని గుర్రుమనింది. ఆయన గుమ్మంలో నిలబడి చూసి, "యాడన్నా పిల్లి దూరిందేమోనని వస్తి" అన్నాడు. ఆ కొయ్య పట్టుకుంటే నా వేళ్ళు అత్త వేళ్ళు అరగదీసిన గుంతల్లోకే పోతాయి. అట్లా పోయినప్పుడు దెబ్బ సరిగ్గా పడుతుంది.

మా అత్తగారు వచ్చి, "ఆడదానివి, వీధిలోకి వినపడేట్టు ఈ మోత ఏంది?" అనింది. విల్లుకేమన్నా మీసాలుండాయా అన్నాను. నోట్లో నుంచి దానంతటదే వచ్చింది. ఆమె గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. మరుసటి వారం తన తలగడే ఏకడానికి పంపింది.

ఇప్పుడు నలుగురైదుగురు పని ఇస్తున్నారు. దారం రంగులు నేనే పెట్టుకున్నాను. మనకు ఏ రంగూ పెట్టలేదు.

నీ మీద కోపం రావాలని చూసినాను అన్నా. రాలేదు. అత్త మీద రావాలని చూసినాను, ఒక్క మాట చెప్పి ఉంటే ఇన్నేండ్లు నేను ఆమెను ఆడిపోసుకునేదాన్నా అని. అదీ రాలేదు. ఏడుపూ రాలేదు. పొద్దున లేస్తున్నాను, ఏకుతున్నాను. ఆ మోత ఉన్నంతసేపు ఏమీ గుర్తుండదు. అంతే.

చెనిగల పొడి బాగుండిందని వదినకు చెప్పు.

మహమూదా

❖

పులివెందుల
16-10-1960

అన్నా,

ఇది చదివి ఆ రోజే బయలుదేరి రా. భయపడొద్దు, అందరం బాగున్నాము.

మొన్న శుక్రవారం పొద్దున మా ఇంటి ముందర బండి ఆగింది. అందులో అన్నపూర్ణ, శేషయ్య గారి కూతురు. చంకలో బిడ్డ. బండి మీద చుట్టిన పరుపు. నన్ను ఎప్పుడూ చూడలేదు కదా, గడప దగ్గరే నిలబడి, "జమ్మలమడుగు సైదమ్మ మేనకోడలు నువ్వేనంట గదక్కా. ఇది ఆయమ్మ చేసిందే. పిల్లోడు తడిపి తడిపి గడ్డలు కట్టినాది. వేరే పరుపు ఏస్తే వీడు కన్ను మూయడు. నీ చేత్తోనే ఏకియ్యి" అనింది. ఇది మీ అత్త గుర్తని నాకు తెలుసు అన్నట్టు నా మొహం చూసింది గానీ అది నాదని ఆమెకేం తెలుస్తుంది, పాపం. దించించి రేపు రమ్మన్నాను.

ఆమె పోయినాక మూల మడత తిప్పినాను. ఆకుపచ్చ దారం. కొంచెం వెలిసింది గానీ ఆకుపచ్చే.

మా ఆయన కూడా చూసినాడు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అటక మీద నుంచి మా కొత్త పత్తి మూట దించి నా ముందర పెట్టి, "అంతే తూకం దీంతో పోసి కుట్టు. ఇది ఇంకా మంచి పత్తి. వాళ్ళకేం అన్యాయం లేదు. ఎవురికి తెలుస్తాది?" అన్నాడు. అని బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసినాడు.

పరుపుకూ ఆ మూటకూ మధ్యన కూర్చున్నాను. ఇన్నేండ్లు నాకు లేదనుకున్నది నా ఒళ్ళో ఉంది. నాదే. అత్త నాకోసం దాచింది, అమ్మ పడుకున్నది. ఎవరూ అడగరు. కుట్టు విప్పి ఆ పత్తిని నా పక్కకు లాక్కున్నాను కూడా. అప్పుడు చేతికి ఏదో తగిలింది. బిడ్డ కాలి మువ్వ ఒకటి, ఊడి కుట్టు సందులో నుంచి లోపలికి దూరింది. దాన్ని పట్టుకుని చూస్తుంటే అర్థమైంది అన్నా. ఆ పత్తి మీద ఇప్పుడు ఆ పిల్లోడు పడుకుంటున్నాడు. అది వాళ్ళ పత్తి అయిపోయింది. ఎవరి పత్తి వాళ్ళకే పోవాల.

విల్లు దించినాను. తలుపు గడియ పెట్టి అంతా నేనే ఏకినాను, చెయ్యి పడిపోయేదాకా. చిక్కు విడిపోయి ఆ దూది గదంతా లేచింది. అత్త చేసిన పని కదా, కొంచెం తగిలితే చాలు విచ్చుకుంటుంది. అప్పుడు ఏడ్చినాను. దుమ్ముకు కాదు. అత్తా అని గట్టిగా పిలిచి, నోరు తెరిచి ఏడ్చినాను. మూడేండ్లది ఒకేసారి వచ్చింది. విల్లు మోత ఆపకుండానే ఏడ్చినాను కాబట్టి వీధిలో ఎవరికీ వినపడలేదు.

పరుపు కుట్టేసినాను. మూలలో మళ్ళీ ఆకుపచ్చ దారమే కట్టినాను, ఇంక ఆ రంగు అన్నపూర్ణ వాళ్ళది. మువ్వ ఆమె చేతిలో పెట్టినాను. శనివారం తీసుకుపోయింది.

అన్నా, అత్త అనేది కదా, గాలికెగిరింది ఏకినోళ్ళది. ఇంటి గోడల మీద, దూలాల మీద, పొయ్యి వెనక, నా నెత్తిలో, అంతా అమ్మ పత్తే ఉంది. ఒక తలగడకు సరిపోతుందో లేదో. నువ్వూ నేనూ కలిసి ఏరుకుందాము. పెన్నకు నీళ్ళు లేవు, నీకు దారి బాగానే ఉంది. నువ్వు వచ్చేదాకా ఇల్లు ఊడ్వను.

నీ చెల్లెలు
మహమూదా